బల్ల గుడ్డ మీద గీత

మా తోటికోడలు దేవమ్మకు కుళ్ళు ఎక్కువ. ఈ మాట ఆమె మొహం మీదే చాలాసార్లు అన్నాను కాబట్టి ఇది చాటున చెప్పే చాడీ కాదు. ఎదురింటి కోడి రెండు గుడ్లు పెడితే తన కోడిని కసురుకుంటుంది. అలాగని చెడ్డ మనిషి కాదు. ఎమ్మిగనూరులో మా పేటలో ఎవరికి జ్వరమొచ్చినా జొన్నగంజి కాచి మోసుకుపోయేది ఆమే. అంతకుముందే ఇంకెవరైనా తెచ్చి ఉంటే మాత్రం గిన్నె గడప మీద పెట్టి మూతి ముడుచుకుని వచ్చేస్తుంది.

ఆమెకు తనదంటూ ఉన్న గొప్ప ఒక్కటే. ఈస్టరు రోజు మా చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పెట్టే బల్ల మీద పరిచే తెల్ల గుడ్డ ఏటేటా ఆమె మగ్గం మీదే తయారయ్యేది. పెళ్ళయి వచ్చిన నాటి నుంచీ అంతే. ఆ పొద్దున అందరి కళ్ళూ బల్ల మీద ఉంటే, దేవమ్మ కళ్ళు అందరి మొహాల మీద ఉండేవి.

ఈ ఏడు పాస్టరయ్య ఆ పని ఓబన్నకు ఇచ్చాడు.

ఓబన్న మా వీధివాడే. తాగిన మత్తులో ముసలి చౌడమ్మ చెవికమ్మలు పీక్కుపోయాడు. ఆమె చెవి తమ్మె చీలిపోయింది. ఆదోని కోర్టు శిక్ష వేస్తే జైలుకు పోయి, అక్కడ మగ్గం నేర్చుకుని వచ్చాడు. వచ్చిన నాటి నుంచీ చర్చిలో వెనక చాప మీదే కూర్చుంటున్నాడు. మా దగ్గర ఆచారం అది. తప్పు చేసినవాళ్ళు తలుపు దగ్గర ఆ చాప మీద కూర్చోవాలి, రొట్టె వాళ్ళ దాకా రాదు. పెద్దలు పిలిస్తేనే ముందుకు రావాలి. ఈ ఈస్టరుకు ఓబన్నను పిలుస్తామని, గుడ్డ కూడా వాడే నేస్తాడని పాస్టరయ్య చెప్పాడు.

దేవమ్మ ఆయన ఇంటి మీదికి పోయింది. ఏం జరుగుతుందో చూద్దామని నేనూ వెంట పోయాను.

“వాడు ముసల్దాని చెవి తెంపినాడు. నేను ఇంతవరకూ ఒకరి పుల్ల గుడక ముట్టలేదు. వానికి గుడ్డ ఇస్తే నాకేముంది అయ్యగారూ?”

ఆయన కోప్పడలేదు. తాగుడు వల్ల అని కొందరు, లేమి వల్ల అని కొందరు అంటారు, అవి దారి చూపినా నడిచింది వాడి కాళ్ళే, పాపం పుట్టేది మనిషి లోపలే, శిక్ష పడాల్సిందే అని ఒప్పుకున్నాడు. “కోర్టు శిక్ష అయిపాయె. మనం వేసే శిక్ష మనిషిని లోపలికి తెచ్చేదానికమ్మా, బయట నిలబెట్టేదానికి కాదు” అన్నాడు. ఈ సంగతి ముందే తెలిస్తే తానూ ఎవరి చెవో ఒకటి తెంపి ఉండేదాన్నని దారి పొడుగునా సణిగింది దేవమ్మ.

ఓబన్న మగ్గం కొత్తగా నిలబెట్టింది. పాత మగ్గమైతే పాత పోగుల కొసలకు కొత్తవి అతికితే సరిపోతుంది. కొత్తదానికి ఇద్దరు కావాలి. వెనక ఒకరు కూర్చుని ఒక్కో పోగూ అందిస్తే, ముందున్నవాళ్ళు దువ్వెన లాంటి పన్నెలో ఒక్కో సందులోంచీ లాగాలి. వాడి వెనక కూర్చోవడానికి పేటలో ఒక్కరూ రాలేదు. దేవమ్మ ఆ రోజు రెండు ముద్దలు ఎక్కువ తిన్నది.

మరునాడు చౌడమ్మ కర్ర ఊతంగా నడిచి వచ్చి, చీలిన చెవితోనే వాడి మగ్గం వెనక కూర్చుంది. చుట్టూ జనం చేరారు. చౌడమ్మది ఎంత మంచి మనసు అని ఎవరో అన్నారు. ఆ మాట చెవిన పడిందో లేదో, దేవమ్మ జనాన్ని తోసుకుంటూ పోయింది.

“లెయ్ పెద్దమ్మా. నీ కండ్లకు పోగు యాడ కనబడ్తాది? నేను అందిస్తా.”

ఇప్పుడు అందరూ దేవమ్మను మెచ్చుకున్నారు. నాకు నవ్వు ఆగలేదు. పొద్దుగూకే దాకా ఓపిగ్గా అందించింది. ఇంటికొచ్చాక తానే చెప్పింది: “ఒక సోట రెండు పోగులు కలిపి ఇచ్చినాలే. గుడ్డ పొడుగునా గీత పడ్తాది సూడు. అప్పుడు తెలుస్తాది నా నేత ఏందో.” నాకు ఒళ్ళు మండింది. పోయి చెప్పి రమ్మని తిట్టాను. వినలేదు. ఓబన్నే చూసి సరిచేసుకుంటాడులే అనుకున్నాను. వాడు కొత్తవాడు, గీత కనబడేసరికి గుడ్డ సగమైంది. విప్పి మళ్ళీ ఎక్కించే వ్యవధి లేదు.

ఈస్టరు పొద్దున గుడ్డ పరిచారు. కిటికీ వెలుగులో గీత ఈ కొస నుంచి ఆ కొస దాకా లేచి కనబడింది. ఆడవాళ్ళు గుసగుసలాడారు. దేవమ్మ కళ్ళు మళ్ళీ అందరి మొహాల మీదికి పోయాయి. చర్చి పెద్దల్లో ఒకడైన మా బావ, ఆమె మొగుడు అయ్యన్న, ఇదేమిటని ఓబన్నను అడిగాడు.

“తప్పు నాదే అన్నా. అక్క సరిగ్గానే అందిచ్చినాది. నా సెయ్యే తప్పింది.”

జైలు నేత ఇట్లాగే ఉంటుందని ఎవరో అన్నారు. పాస్టరయ్య ముందుకు రమ్మని పిలిచినా ఓబన్న తల అడ్డంగా ఊపి, పోయి మళ్ళీ వెనక చాప మీదే కూర్చున్నాడు.

రొట్టె పళ్ళెం మా వరుసకు వచ్చింది. దేవమ్మ చెయ్యి చాపలేదు. లేచి నిలబడింది.

“ఆ పోగులు కలిపిచ్చింది నేను. కావాలనే” అని, ఎవరి మొహమూ చూడకుండా వెనక్కి నడిచింది.

చాప చిన్నది, ఒక వైపు చిరిగిపోయింది. ఓబన్న చిరిగిన వైపుకు జరిగి, మంచి వైపు ఆమెకు వదిలాడు. ఆమె కూర్చుంది.

ఇంటికి వచ్చేటప్పుడు నా భుజం పట్టుకుని, “ఆ సాప మీద గుడక వాడే నాకంటే మంచోడయిపాయె సూడు” అంటూ ఏడ్చింది.