సుధారాణి చిప్పు వెతికిన ఏడాది

టాటానగర్‌లోని బర్మామైన్స్ పేటలో రైల్వే లైనుకు ఆనుకున్న సందులో సుధారాణికి ఒక ఫోన్ల రిపేరు కొట్టు ఉంది. పది మందికి తెలిసిన కొట్టే. స్క్రీన్ మార్చేవాళ్లు ఊరంతా ఉన్నారు గానీ, బోర్డు మీద గసగసాలంత భాగాన్ని వేడిచేసి లేపి మరొకటి అతికించగల చెయ్యి ఆమెదే. మాంగో అనే పేట బజారులో చచ్చిన ఫోన్లు ఏరుకొచ్చి, వాటి కడుపులు కోసి నేర్చుకున్న విద్య అది.

రెండేళ్ల కిందట టాటానగర్ స్టేషన్లో పనిచేసే దాలమ్మ కెమెరా పాడైన ఫోన్ ఒకటి తెచ్చింది. అదే కంపెనీ, అదే మోడల్ ఫోన్ నుంచి తీసిన అసలు కెమెరానే సుధారాణి వేసింది. ఫోన్ ఒప్పుకోలేదు. ఇది గుర్తింపు లేని భాగమని తెర మీద అక్షరాలు వచ్చాయి. కంపెనీ వాళ్లు ప్రతి భాగానికీ ఒక నంబరు ముడేసి, ఆ ముడి విప్పే సాఫ్ట్‌వేర్ తమ దగ్గరే పెట్టుకుంటున్నారని ఎంత చెప్పినా దాలమ్మ చెవికెక్కలేదు.

“నకిలీది ఏసీసి కతలు సెప్తన్నావేటి?” అని నలుగురి ముందూ అనేసి వెళ్లిపోయింది. మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు.

ఆ మాట సుధారాణిని చాలాకాలం తొలిచింది. అప్పుడే మహేష్ ఫోన్ చేశాడు. ఆ ఊళ్లోనే బిర్సానగర్‌లో పెరిగి, ఆమె కొట్టు ఎరిగినవాడు, ఇప్పుడు పుణేలో సాఫ్ట్‌వేర్ పని చేస్తున్నాడు. అతనూ, వేర్వేరు ఊళ్లలో ఉన్న మరో పదిహేను మందీ కలిసి ఓపెన్ సోర్స్ ఫోన్ తయారుచేయాలని చూస్తున్నారు. దాని సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా చదవొచ్చు, మార్చుకోవచ్చు. ఏ భాగాన్నైనా ఏ ఊళ్లోనైనా విప్పి వేసుకోవచ్చు. అందులోకి ఏ చిప్పు, ఏ తెర, ఏ బ్యాటరీ వెయ్యాలో ఎంచే పని ఆమెకు అప్పజెప్పారు. ఫోన్ పాడైతే ఏం జరుగుతుందో వాళ్లలో ఎవరికీ తెలియదు, ఆమెకు తెలుసు.

తెర, బ్యాటరీ తేలిగ్గానే దొరికాయి. జిగురు లేకుండా మరలతో బిగించేవి ఎంచింది. చిక్కు ప్రాసెసర్ దగ్గర మొదలైంది. కొత్త, వేగమైన చిప్పుల వివరాలు ఎవరూ బయటపెట్టరు. వివరాలన్నీ బయట దొరికే చిప్పు ఒకటుంది గానీ అది పాతది, నెమ్మది, వేడెక్కే రకం. ఇక సిగ్నల్ పట్టే మోడెం సంగతి మరీ అన్యాయం. ప్రపంచంలో ఏ కంపెనీది వెతికినా దాని లోపలి సాఫ్ట్‌వేర్ మూసిన పెట్టే. ఎనిమిది నెలలు వెతికింది. ఒక తలుపు తెరిస్తే దాని వెనక ఇంకో తాళం కనబడేది.

చివరికి ఒక పెద్ద చిప్పుల కంపెనీ కదిలింది. కొత్త ప్రాసెసర్ ఇస్తాం, దాని లోపలి తీగల దారులు చూపే బొమ్మలూ ఇస్తాం, రహస్యంగా ఉంచుతామని సంతకం పెట్టండి అంది. భాగాలు ఎంచేది ఆమే కనుక ఆమె సంతకమే కావాలి. పదకొండో పేజీలో ఒక షరతు ఉంది: ఆ బొమ్మల్లో చూసినదాన్ని ఐదేళ్ల పాటు మరే ఫోన్ రిపేరుకూ వాడకూడదు. ఆమె బల్ల మీదకు వచ్చే ఫోన్లలో సగానికి పైగా ఆ కంపెనీ చిప్పు ఉన్నవే. ఏది బొమ్మలో చూసింది, ఏది చేతికి ముందే తెలిసింది అని రేపు ఎవరైనా అడిగితే ఏమని రుజువు చేస్తుంది? సంతకం పెడితే సొంత కొట్టులోనే దొంగలా కూర్చోవాలి. పెట్టకపోతే పదహారు మంది పని తన దగ్గర ఆగిపోతుంది.

మహేష్ రోజూ ఫోన్ చేసేవాడు. “సైన్ చేసెయ్యక్కా, బాద్ మే దేఖ్ లేంగే, తర్వాత సంగతి తర్వాత. బర్మామైన్స్ సందులోకొచ్చి నిన్నెవడు పట్టుకుంటాడు?” అనేవాడు. అతను అలా తేలిగ్గా అన్నప్పుడల్లా ఆమె పదకొండో పేజీ మళ్లీ తెరిచేది. పని మీద ధ్యాస నిలవక రెండు ఫోన్లు పాడుచేసింది కూడా.

తండ్రి అసిరయ్య ఇదంతా చూస్తూనే ఉన్నాడు. రైల్వే సిగ్నల్ శాఖలో ముప్పై ఏళ్లు, సిగ్నళ్లను నడిపే రిలే గదుల్లో పనిచేసి రిటైరైన మనిషి. ఒక మధ్యాహ్నం అన్నం తెచ్చి కొట్టులో కూర్చున్నాడు.

“ఏటమ్మీ, వారం రోజులై ఆ కాయితమే సూత్తన్నావు. ఏటుంది దాన్లో?”

ఆమె చెప్పింది.

“మా రిలే గదిలో వైర్ల బొమ్మ గోడకే ఉండీది. ఎవుడు డూటీకొచ్చినా అది సూసుకునే పని సేసీవోడు. బొమ్మ లేకపోతే ఎలాగ సేత్తారు?”

“బొమ్మ ఇత్తారు నాన్నా. గోడకి అతికించొద్దంటన్నారు.”

“మరింక ఇచ్చి ఏటి లాభం?” అన్నాడు అసిరయ్య, క్యారేజీ మూత తీస్తూ.

సుధారాణి ఆ పూటే సంతకం పెట్టనని రాసి పంపింది. పాత ప్రాసెసరే వేద్దామంది. మోడెంను దానికి దూరంగా, విడిగా అమర్చి, ఆ మూసిన పెట్టెకు కావాలన్నప్పుడు కరెంటు ఆపేందుకు ఫోన్ పక్కన ఒక స్విచ్ పెట్టమంది. అంతకుమించి చేయగలిగింది లేదు. దాంతో బృందంలోంచి ముగ్గురు వెళ్లిపోయారు. మహేష్ నెల రోజులు మాట్లాడలేదు. తర్వాత బోర్డు గీసిన ఫైలు మాత్రం, పలకరింపు లేకుండా, పంపాడు.

తొలి ఫోన్ వర్షాకాలంలో వచ్చింది. సబ్బుబిళ్లంత లావు. ఆమె కొట్టులోంచి ఇంట్లో ఉన్న తండ్రికి చేసింది. ఆయన గొంతు స్పష్టంగానే వినబడింది. నాలుగు నిమిషాలకు ఫోన్ వేడెక్కి ఆగిపోయింది. చల్లారాక ఫోన్‌నూ, మోడెం స్విచ్‌నూ మళ్లీ వేసింది. మోడెం అనే ఆ చిన్న నల్ల బిళ్ల లోపల ఏం మేలుకుంటోందో, ఎవరితో ఏం చెబుతోందో, ఇంత చేసిన తనకే తెలియదు. ఆ సంగతి తలుచుకుంటే సంతోషం సగంలోనే ఆగింది.

భాగాల జాబితా అందరికీ కనబడేలా పెట్టేటప్పుడు మోడెం వరస పక్కన, “దీని లోపల ఏముందో మాకు తెలియదు” అని రాసింది. జనం భయపడతారు, తీసెయ్యమని మహేష్ అడిగాడు.

“తెలీదు గదా మహేష్. ఉండనీ,” అంది.

పాత ప్రాసెసర్ తయారీ రెండేళ్లలో ఆపేస్తున్నారని ఆ మరుసటి వారమే కబురొచ్చింది. సుధారాణి జాబితాను మళ్లీ మొదటి వరస నుంచి చూడడం మొదలుపెట్టింది.