పీతబావను పంటు దింపిన పూట

నేను పిల్లల కోసం రాసిన పుస్తకాలన్నీ ఒకదానిమీద ఒకటి పేరిస్తే మా దొడ్లో కొబ్బరికాయల దింపు తీసేవాడికి మోకు అక్కర్లేదు. మెట్లెక్కినట్టు ఎక్కి, పైన కూర్చుని చుట్ట కాల్చుకుని, తీరిగ్గా కాయలు కోసుకోవచ్చు. ఈ మాటే మొన్న మావారితో అంటే ఆయన "ఆయ్" అన్నారు.

ఆ "ఆయ్"ని చూసి నేను పొంగిపోలేదు. కోనసీమలో పుట్టిన మనిషికి అవునన్నట్టు "ఆయ్" అనడం ఊపిరి తీయడంతో సమానం. "ఇవాళ గోదావరి సముద్రంలోంచి భద్రాచలం కేసి పారుతోందండీ" అన్నా మావాళ్ళు "ఆయ్, మా వీధమ్మటే వెళ్ళిందండి" అంటారు. ఎదుటివారిని కాదనడం, అందులోనూ ఇంటికొచ్చిన చుట్టాన్ని కాదనడం, మా ఇంటావంటా లేదు. ఆ మర్యాదే నా మొదటి పుస్తకాన్ని అట్టతో సహా ముంచబోయింది.

నన్ను మామిడికుదురు దగ్గర పల్లెలో పెద్ద కమతం ఉన్న ఒక రైతు ఇంటికి పెద్దకోడలిగా ఇచ్చారు. ఆ ఇంటి అరుగు ఎంత పొడుగంటే, ఆ కొసనున్న వారు తుమ్మితే ఈ కొసనున్న వారు మర్నాడు "చిరంజీవ" అనేవారు. దాని నిండా పిల్లలు. మా పిల్లలు, తోడికోడలి పిల్లలు, పక్కింటివాళ్ళు, దారిన పోతూ వాసన పట్టి ఆగినవాళ్ళు. వీళ్ళందరికీ మధ్యాహ్నం అన్నం కలిపి ముద్దలు పెట్టే పని నాది. పళ్ళెం కాదది, రథచక్రం. పిల్లలేమో నోరు తెరవరు. పప్పంటే ఏడుపు, చారంటే పరుగు.

అందుకని ముద్దకొక చరణం చొప్పున పాట కట్టడం మొదలుపెట్టాను. నోరు తెరిస్తేనే చరణం. ముద్ద మింగితేనే తరవాతది. అన్నం అయిపోయేసరికి కథ సరిగ్గా గండంలో పడాలి, లేకపోతే రేపు ఎవరూ రారు. ఇదే నా కవిత్వ రహస్యం. పెద్ద పెద్ద వాళ్ళు ఛందస్సు దగ్గర పెట్టుకుని రాస్తారట; నేను గోంగూర పచ్చడి దగ్గర పెట్టుకుని కట్టేదాన్ని.

అలా పుట్టినవాడే పీతబావ. పెళ్ళి కుదరక, మురమళ్ళ వీరేశ్వరస్వామికి కల్యాణం చేయిస్తే కుదురుతుందని ఎవరో చెబితే బయల్దేరాడు.

*పీతబావ, పీతబావ, పెళ్ళికెళ్ళే పీతబావ*
*కొబ్బరిచిప్ప పడవెక్కి కూనిరాగం తీసె బావ*
*మురమళ్ళ ఎంత దూరం? మూడు కాలవలకవతల*
*ముహూర్తానికందుతావా, పక్కనడక పీతబావ?*

బావ బోదెకాలవలు దాటాడు, బురద దాటాడు, ఆబోతు కాలికింద పడబోయి తప్పించుకున్నాడు. చివరికి రేవుకొచ్చి, ఏరు దాటించే పంటు ఎక్కాడు. ఎక్కడం బాగానే ఎక్కాడు గాని దిగలేకపోయాడు. దిగే బల్ల సన్నం, ఆయన నడకేమో పక్కకి. ఒక్క అడుగు వేస్తే నీళ్ళలో పడతాడు. అక్కడ ఆపి చెయ్యి కడుక్కున్నాను.

వేసంగి సెలవులకు వచ్చిన మా ఆడపడుచు పిల్లలు ఆ మర్నాడే అమలాపురం వెళ్ళిపోయారు. పీతబావను పంటుమీదే ఉంచి పాటను మాత్రం పట్టుకుపోయారు. ఆయన్ని దింపే చరణం నాకూ తట్టక, మిగతా పిల్లలకు వేరే పాటలతో ముద్దలు పెడుతూ వచ్చాను. అమలాపురంలో అది మశూచికంలా అంటుకుంది. జట్కావాళ్ళు పాడారు, కొబ్బరిపీచు తొక్కేవాళ్ళు పాడారు, గుర్రాలు కూడా ఆ వరసకే అడుగులు వేశాయని మా ఆడపడుచు ఉత్తరం. ఆవిడకు గోరంతది కొండంత చెయ్యడం అలవాటు; నాలా ఉన్నదున్నట్టు చెప్పే స్వభావం కాదు.

నాకప్పుడు ఒక్కటే కోరిక. ఈ పాటలు పుస్తకంగా రావాలి, దాని అట్టమీద నా పేరుండాలి. పెళ్ళైన దగ్గర్నుంచీ నా పేరు ఎవరి నోటా వినలేదు నేను. అత్తయ్యగారికి "అమ్మాయ్", మావారికి "ఏమే", ఊరికి "పెద్దకోడలు గారు", పిల్లలకు "పెద్దమ్మ". పుట్టింటివారు పెట్టిన పేరు ట్రంకుపెట్టెలో పట్టుచీర కింద మడత నలగకుండా పడి ఉంది. దాన్ని ఒక్కసారి సీసపు అక్షరాల్లో చూసుకోవాలి.

పాటలన్నీ కాగితాలమీద రాసి మావారికిచ్చి అమలాపురం అచ్చాపీసుకు పంపాను. యుద్ధం అయిన కొత్త. కాగితం దొరకడం కంటే కల్పవృక్షం దొరకడం తేలిక. అయినా సాయంత్రానికి మావారు వెలిగిపోతూ వచ్చారు.

"వేస్తారటే!"

"నిజంగానా? నా పేరు అట్టమీదేనా, లోపలా?"

ఆయన ఉత్తరీయంతో మొహం తుడుచుకున్నారు. తుడిచిన చోటే మళ్ళీ తుడుచుకున్నారు.

"పేరు అక్కర్లేదన్నారే అచ్చాపీసు యజమాని గారు. ఇవి తాతలనాటి పాటలట. వాళ్ళ మనవరాలు రోజూ పాడుతుందట. పంటు దగ్గరకొచ్చేసరికి ఆగిపోతుందిట. 'మిగతా చరణాలు కాలగర్భంలో కలిసిపోయేయండి' అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు పాపం. 'పాత పల్లెపాటలు' అని వేస్తారట."

"మీరేమన్నారు?"

"ఏవంటాను? ఆయ్ అన్నాను."

ఆ రాత్రి మావారికి చారులో ఉప్పు వెయ్యలేదు. ఆయన "బాగుందే" అన్నారు. అదీ మర్యాద.

మర్నాడే మళ్ళీ పంపాను. ఈసారి గుమ్మం దాటేదాకా "మా ఆవిడ కట్టిందండి, మా ఆవిడ కట్టిందండి" అని వల్లె వేయించాను. ఆయన ఎలా చెప్పారో గాని మొత్తానికి చెప్పారు. అచ్చాపీసు యజమాని గారు పెద్దమనిషి, చాదస్తుడు. "ఆడాళ్ళ పాటలకి కర్తలేంటండీ? వానకి కర్తున్నాడా? ఊరి పాటకి ఒకరి పేరేసి రేపు ఊరందరిచేతా నేను మాట పడనా? నేనే వచ్చి విచారిస్తానండి. మీ ఊళ్ళో పెద్దలు ఆవిడవే అంటే ఆవిడ పేరే వేస్తాను" అన్నారట.

వచ్చారు. ఆయన పొట్ట ముందు వచ్చింది, తరవాత గొడుగు, కాస్సేపటికి ఆయన. పనసపొట్టు కూర, మామిడికాయ పప్పు, కొబ్బరన్నం చేశాను. నా పేరు ఆ పూట ఈ ఊరి నోట్లో ఉంది మరి. నేను తలుపు వెనక నిలబడ్డాను. అరుగుమీద మా అత్తయ్యగారు, పక్కింటి తాతగారు కూర్చున్నారు. విచారణ మొదలైంది.

"ఈ పీతబావ పాట మీ కోడలుగారు కట్టిందేనాండీ?"

"ఆయ్" అన్నారు అత్తయ్యగారు. నా ప్రాణం లేచొచ్చింది.

"కాదు లెండి, మీ అమ్మమ్మగారి కాలంలో కూడా పాడే ఉంటారు?"

"ఆయ్ అండి. పాడే ఉంటారు."

లేచొచ్చిన ప్రాణం మళ్ళీ కూర్చుంది.

ఆయన తాతగారి వైపు తిరిగారు. "మీ చిన్నప్పుడు విన్నారాండీ?"

"ఆయ్, వినకపోవడమేంటండి బాబూ! ఈ చెవితోటే విన్నాను."

"మరి ఈవిడ కట్టింది కూడానూ?"

"ఆయ్, అదీ ఈ చెవేనండి."

"రెండూ ఎలా కుదురుతాయండీ?"

"కుదరవండి" అన్నారు తాతగారు, అంతే మర్యాదగా.

తలుపు వెనకనుంచి నేను గొంతు సవరించుకున్నాను. పిల్లి దగ్గిందనుకున్నారు. మావారు స్తంభం పక్కన స్తంభంలా నిలబడ్డారు. యజమాని గారు నిట్టూర్చి, "అందరి మాటా ఒకటేనండి. ఇది ఊరి పాటే" అని తేల్చేశారు. అత్తయ్యగారు "ఆయ్, భోజనానికి లేవండి బాబూ" అన్నారు.

ఆయనకు చావట్లో విస్తరి వేశారు. అదే వేళకు ఎదురుగా అరుగుమీద నా సేన బారుగా కూర్చుంది. నేను రథచక్రం తెచ్చి ముద్ద కలిపాను. ఉక్రోషంతో పప్పులో చెయ్యి గట్టిగా తిప్పాను, అంతే.

"చరణం!" అంది మా తోడికోడలి కూతురు. నాలుగేళ్ళ పిల్ల. దాని గొంతు వింటే రేవు అవతల బస్సు కూడా ఆగేది.

"చరణం లేదు. ఇది పాత పాటట. మీ తాతముత్తాతల్ని అడగండి."

సేన మొత్తం ఒక్కసారి నోళ్ళు మూసింది. అన్ని నోళ్ళు ఒకేసారి మూసుకుంటే వచ్చిన నిశ్శబ్దానికి కాకులు కంగారుపడి లేచిపోయాయి.

"తాతలెవరు? నువ్వే కదా బావని పంటు ఎక్కించేవు!" అందా పిల్ల. "పాపం అప్పట్నుంచీ దానిమీదే ఉన్నాడు. దింపు!"

చావట్లో యజమాని గారి చెయ్యి పనసపొట్టు దగ్గర ఆగింది.

ఏం చెయ్యను? ముద్ద చల్లారిపోతోంది. నోటికొచ్చింది కట్టాను.

*బంగారు చెప్పులు తొడుక్కున్నాడు, బల్లమీద టకటక నడిచాడు*

"బాగోలేదు" అంది పిల్ల, మొహం మీదే. మర్యాద దానికింకా అంటలేదు. "అన్ని కాళ్ళున్నాయి కదా పెద్దమ్మా. అన్నిటికీ చెప్పులెవరు కుడతారు? అప్పుడు ముహూర్తం దాటిపోదూ?"

"దాటిపోతుంది! దాటిపోతుంది!" అంది సేన.

"అవునుస్మండీ, దాటిపోతుంది" అని చావట్లోంచి ఇంకో గొంతు. చూస్తే యజమాని గారు. విస్తరి వదిలేసి మెడ ఇంత పొడుగు చేసి చూస్తున్నారు. ఆ మెడ ఇంకొంచెం సాగితే అమలాపురానికి వంతెన వేసెయ్యచ్చు.

నాకు నవ్వొచ్చింది. నవ్వుతోపాటు పాటా వచ్చింది.

*పీతబావ తిరగడంట, పంటునే తిప్పండోయ్!*
*పక్కనడక పెళ్ళికొడుక్కి పక్కదారి చూపండోయ్!*
*సరంగు గారు గెడ వేసి సర్రున తిప్పే పంటు*
*దర్జాగా దిగె బావ, దారి తనదే అంటూ!*

పిల్ల కాసేపు ఆలోచించింది. ఆ ఆలోచనలో నా పేరు మునుగుతూ తేలుతూ ఉంది. తరవాత నోరు తెరిచింది. ఎంత తెరిచిందంటే, కొండనాలుక వెనక మురమళ్ళ గోపురం కనిపించిందని నేను ప్రమాణం చేస్తాను. వెంటనే బారు మొత్తం తెరుచుకుంది. ఒక్కొక్క ముద్దకూ ఒక్కొక్క చరణం. చెయ్యి ఆడినంత వేగంగా నోరాడింది. పళ్ళెం ఖాళీ అయ్యేసరికి పీతబావ మురమళ్ళ పొలిమేరలో మేళతాళాల దాకా వచ్చాడు. అక్కడ ఆపి చెయ్యి కడిగేసుకున్నాను.

"తరవాతేవైందండీ?" అన్నారు యజమాని గారు. ఎంగిలిచేత్తో లేచి నిలబడ్డారు. "పెళ్ళయిందా లేదాండీ? ఇంటికెళ్ళగానే మా మనవరాలు నా పీక పట్టుకుంటుందండి!"

నేను తలుపు వెనక్కి చేరి, మరీ సిగ్గుపడిపోతూ, ఊరంతా వినిపించేలా అన్నాను: "నాకేం తెలుసండీ. కాలగర్భంలో కలిసిపోయిందటగా."

ఆయన కాసేపు తలుపుని చూశారు, పిల్లల్ని చూశారు, చివరికి తన ఖాళీ చేతిని చూసుకున్నారు.

"తాతలనాటి పాటని రేపటి చరణం అడిగే వాళ్ళుండరండి" అన్నారు. "పిల్లలు కాదనగానే పాట మారిందంటే, కట్టేమనిషి గుమ్మంలో ఉన్నట్టే. అట్టమీద మీ పేరు వేస్తానమ్మా."

"పేరు అట్టమీదెక్కితే బావ పీటలమీదెక్కుతాడండి" అన్నాను.

"ఆయ్!" అన్నారాయన.

ఆ ఒక్క మాటతో నాకు మళ్ళీ బెంగ పట్టుకుంది. అది మర్యాదకన్నదా, నిజానికన్నదా? పుస్తకం చేతికొచ్చేదాకా నేను తిన్న అన్నం ఎటు పోయిందో తెలియదు. మనిషిని ఎంత చిక్కానంటే గాజులు భుజం దాకా ఎక్కిపోయేవి.

వచ్చింది. పచ్చ అట్ట, మీద పీతబావ బొమ్మ. దాన్ని వేసినాయన పీతను ఎన్నడూ చూసినట్టు లేడు, సాలీడుకి తలపాగా చుట్టాడు. దాని కింద నా పేరు. వేలితో తడిమాను, సిరా అంటుకుంది. పిల్లలు ఆ పేరు కూడబలుక్కుని చదివి, "ఈవిడెవరు పెద్దమ్మా?" అన్నారు.

అత్తయ్యగారికి చదువు రాదు. "ఏదే నీ పేరు?" అని అడిగి, చూపిస్తే కళ్ళజోడు పెట్టుకుని ఆ అక్షరాలకేసి చాలాసేపు చూశారు. పుస్తకాన్ని తీసుకెళ్ళి వీధరుగుమీద, చుట్టాలకు కనబడే చోట పెట్టారు. సాయంత్రం ఆలమూరు నుంచి ఎవరో పెద్దాయన వచ్చారు. మంచినీళ్ళు తాగుతూ పుస్తకం తిరగేసి, "ఓహో, మన పాత పాటలేనన్నమాటండీ" అన్నారు.

నేను తలుపు వెనకే ఉన్నాను. మావారు స్తంభం పక్కనే ఉన్నారు. ఇద్దరం "ఆయ్" కోసం ఎదురుచూశాం.

అత్తయ్యగారు కళ్ళజోడు తీసి, కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"కాదండి" అన్నారు. "మా కోడలు కట్టిందండి."

ఆ ఇల్లు కట్టిన దగ్గర్నుంచీ దాని అరుగుమీద చుట్టాన్ని కాదన్నది అదే మొదటిసారి. పెద్దాయన గ్లాసులో నీళ్ళు కూడా ఉలిక్కిపడ్డాయి.

"ఆయ్" అన్నారాయన.