‘మీ ఇష్టం’ అనొద్దన్న టీచరమ్మ

మా కింది పోర్షన్ టీచరమ్మ పోయిందని నాకు ఫోన్‌లో తెలిసింది. పోయిన నెల, ఒక మధ్యాహ్నం. యూనివర్సిటీ లేడీస్ హాస్టల్ మెస్సులో చపాతీ పిండి కలుపుతున్న. రెండు చేతులూ పిండిలనే ఉన్నయి, పక్కనున్నామె ఫోన్ తీసి నా చెవికి పెట్టింది.

“ఆంటీ, టీచరమ్మ లేదు.” మా బాబును చూసుకునే అమ్మాయి గొంతు.

“లేకపోతే ఏడికి పోయింది, చర్చికా?”

అవతల ఏడుపు. అయినా నేను నమ్మలే. ముసలామె ఈసారి నా మీద పెద్ద ప్లానే వేసింది, పిల్లకు ఏడుపు కూడా నేర్పించింది అనుకున్న. “ఆమెకే ఇయ్యి ఫోన్, నేను మాట్లాడత” అన్న. ఆ పిల్ల ఫోన్ పెట్టేసింది. అప్పుడు చేతులు కడుక్కున్న.

నన్ను చూసి రాతి గుండె అనుకోకండి. మా ఇద్దరి సంగతి అట్లాంటిది. నేను పదో తరగతి తప్పినదాన్ని, నలభై దాటినా బుద్ధి మాత్రం ఏడో తరగతి దగ్గరే ఆగింది. తార్నాక గల్లీలో ఆమె బెల్ కొట్టి మెట్లెక్కి పారిపోయిన మనిషిని నేను. పాస్టర్ గారింటి నుంచి అని గొంతు మార్చి, పదిమంది భోజనానికి వస్తున్నరని ఫోన్ చేసిన. ఆమెకు నా గొంతు తెలిసిపోయింది. ఆ ఆదివారం చర్చి కుర్రోళ్ళను పదిమందిని నేరుగా నా గదికి పంపింది, “పైన అక్క భోజనం పెడతానందిరా, ఆకలితో వెళ్ళండి” అని. చక్కెర అడిగితే గిన్నెలో సగం ఉప్పు కలిపి ఇచ్చింది. అటువంటామె చచ్చిపోయింది అంటే ఎట్లా నమ్మాలె?

ఆమెది తెనాలి వైపు. మిషన్ స్కూల్లో చిన్నపిల్లలకు పాఠాలు చెప్పి రిటైర్ అయింది. చెప్పుల్లో సాక్సులు వేసుకునేది, ఎండాకాలం కూడా. సాయంత్రమైతే గ్రిల్లు వెనక ప్లాస్టిక్ కుర్చీ వేసుకొని, మామిడికాయ ముక్క ఉప్పులో అద్దుకుంటూ గల్లీ మొత్తానికి కాపలా కాసేది. ఎవరన్నా తప్పుగా కనిపిస్తే ఒకటే మాట: “ప్రభువు చూస్తున్నాడు. ఆయన చూడకపోయినా నేను చూస్తున్నా.”

మేముండేది డాబా మీద రేకుల గది. మాకు బాబు లేటుగా పుట్టిండు. ఎంత లేటంటే, వాణ్ణి ఎత్తుకొని కిరాణాకి పోతే “మనవడా?” అని అడిగేటోళ్ళు. ఔను, ముని మనవడు అని చెప్పేదాన్ని. మా ఆయనది సెక్యూరిటీ డ్యూటీ, ఏ వారం పగలో ఏ వారం రాత్రో ఆయనకే తెలియదు. బాబుకు రెండేళ్ళు నిండేదాకా నేను ఆ గల్లీ దాటలే. పొద్దున రేకు వేడెక్కుతది, సాయంత్రం చల్లారుతది, మధ్యలో నేనూ వాడూ. పిట్టగోడ పట్టుకొని కింద పోయే బస్సుల మీద నంబర్లు చదువుకునేదాన్ని. చదువు మీద అంత శ్రద్ధ స్కూల్లో ఉంటే పాసయ్యేదాన్ని. ఆ బెల్లు కొట్టుడు, ఫోన్లు చేసుడు అన్నీ ఆ రోజుల్లోవే. మనిషి గొంతు వినాలె, అది తిట్టే గొంతైనా సరే.

అట్లాంటప్పుడు మెస్సులో పని దొరికింది. మూడింటి నుంచి ఎనిమిది దాకా. హబ్సిగూడ క్రెష్ వాళ్ళు ఐదింటికే పిల్లల్ని తీసుకుపొమ్మంటరు. బాబును చూసే మనిషి దొరకకపోతే పని పోతది, నేను మళ్ళీ రేకుల కింద. సూపర్‌వైజర్ వారం టైమిచ్చిండు.

గల్లీ మూల ఇస్త్రీ బండి ఉన్నది. ఆ ఇస్త్రీ ఆమె బిడ్డ అప్పుడు ఇంటర్ చదువుతున్నది. పదిహేడేళ్ళు. నెమ్మదైన పిల్ల. మా వాడు ఆమె జడ పట్టుకొని గుంజినా కిక్కురుమనలే. నాకు నచ్చింది.

“నెలకు ఎంత ఇయ్యాలె పిల్లా?” అని అడిగిన.

“మీ ఇష్టం ఆంటీ.”

“నా ఇష్టమైతే గుండు సున్నా ఇస్త.”

“మీ ఇష్టం.”

ఇంక దానికేం చెప్పాలె? రెండువేలు, పొద్దుగూకి టిఫిను, దసరాకు డ్రెస్సు అనుకున్న. గల్లీలో అందరూ ఇచ్చేది అంతే. మెట్లు దిగుతుంటే ఈ మాటలన్నీ విన్నదేమో, టీచరమ్మ గ్రిల్లు మీద కర్రతో కొట్టింది. “ఇద్దరూ లోపలికి రండి.”

మేం లోపలికి పోంగనే గ్రిల్లుకు తాళం వేసి తాళంచెవి కొంగుకు కట్టుకుంది.

“ఏంది టీచరమ్మా, కిడ్నాపా?”

“రేటు తేలేదాకా ఎవరూ కదలరు. మీ ఇష్టం అనే మాట నా ఇంట్లో వినబడకూడదు. కూర్చోండి. ఇప్పుడు నువ్వే ఆ పిల్లవి. ఆ పిల్లేమో నువ్వు. పనికి పెట్టుకుంటోంది. మాట్లాడుకోండి.”

వేషం కట్టుడంటే నాకు ముందే సంబురం. చున్నీ లాక్కొని జడ ముందుకేసుకొని ఆ పిల్ల లెక్క కూర్చున్న. ఆ పిల్ల సిగ్గుపడుకుంట అడిగింది: “మా బాబును చూసుకుంటవా?”

“మీ బాబా? వాడు కొరుకుతడు. కొరికినదానికి వేరే.”

“సరే.”

“సరే అనకు, బేరం చెయ్యి! నేను అట్ల సరే అంటనా? ముక్కు తుడుస్త, ముడ్డి కడుగుత, అన్నం తినిపిస్త. గిన్నెలు మాత్రం తోమ. మీ అత్త వస్తే చాయ్ పెట్ట. ఆదివారం రాను. నేను చదువుకునే పిల్లను, నా సాయంత్రాలు గాలికొచ్చినయా? ఎనిమిది దాటితే గంటకు ఒకటిన్నర రెట్లు.”

పిల్ల నవ్వాపుకుంటున్నది. “అయితే ఎంత?”

“ఆరువేలు. ఒక్క రూపాయి తగ్గ. ఇష్టముంటే పెట్టుకో, లేకపోతే నీ కొరికేటోణ్ణి నువ్వే చూసుకో.”

టీచరమ్మ చప్పట్లు కొట్టింది. “ఖాయం. ఆరువేలు.”

“ఏందీ, గిది ఆట కదా!”

“ఆటే. అందులో అబద్ధం ఏముందో చెప్పు, తీసేద్దాం. వాడు కొరకడా?”

కొరుకుతడు. ముక్కు కారుతది. మా అత్త వస్తది. ఒక్కొక్కటే వెతికిన, తీసేయడానికి ఏదీ దొరకలే. మందిని ఇరికించే మనిషిని, నా నోటితోనే నేను ఇరుక్కున్న.

“నా జీతం పన్నెండు” అన్న. “సగం ఈమెకే పోతే నేనెందుకు పోవాలె పనికి?”

“నీ జీతంలో సగమెందుకు? పిల్లాడు నీ ఒక్కదానికే పుట్టాడా?”

మా ఆయన్ను డాబా మీద నుంచి పిలిపించింది. లుంగీ మీద వచ్చి గ్రిల్లు బయట నిలబడ్డడు. లోపలికి తీసుకోలే, బయటనుంచే తీర్పు. మూడువేలు నువ్వు, మూడువేలు ఆమె అని చెప్పింది. మా ఆయన నా దిక్కు చూసిండు, ఆమె కర్ర దిక్కు చూసిండు. “అంతే కదా టీచరమ్మా” అన్నడు. అప్పుడు తాళం తీసింది. డబ్బు ఆ పిల్ల చేతికే ఇయ్యాలె, తల్లికి కాదు అని కూడా చెప్పింది.

గల్లీలో ఆడవాళ్ళు నన్ను తిట్టిన్రు. బ్యాంకులో పనిచేసే ఆవిడైతే టీచరమ్మ దగ్గరికే వచ్చి, “మా దగ్గర చేసే అమ్మాయిని మన పిల్లలాగే చూసుకుంటున్నామండీ, రేట్లు ఎందుకు పెంచుతారు?” అన్నది. టీచరమ్మ మామిడి ముక్క నములుకుంటూ, “మన పిల్ల అన్నాక ఇంకో వెయ్యి ఎక్కువివ్వాలి గానీ తగ్గిస్తారేంటమ్మా?” అన్నది. ఆవిడ మళ్ళీ ఆ గ్రిల్లు దగ్గర ఆగలే.

తర్వాత ఒకనాడు యూనివర్సిటీలో ధర్నా అయింది. గేట్లన్నీ మూసేసిన్రు, బ్యారికేడ్లు పెట్టిన్రు. ఏ గేటు దగ్గరికి పోయినా ఖాకీ బట్టలే. ఫోన్ ఛార్జింగ్ అయిపోయింది. పది అడుగుల అవతల తార్నాక బస్సు కనిపిస్తున్నది, నేనేమో కడ్డీల లోపల. పెద్దగా అరిచిన, జోకులేసిన, కాళ్ళు పట్టుకుంటనన్న. తొమ్మిది దాటినంక వదిలిన్రు.

ఇంటికి పోయేసరికి, రాత్రి డ్యూటీకి పోయిన మా ఆయన తప్ప గదిలో అందరూ ఉన్నరు. మోకాళ్ళు వంగని టీచరమ్మ ఆ ఇనుప మెట్లెక్కి పైకి వచ్చి స్టూలు మీద కూర్చున్నది. బాబు ఆ పిల్ల ఒళ్ళో నిద్రపోతున్నడు. వాళ్ళమ్మ గుమ్మంలో. “ఆడపిల్లను ఇంతసేపు కూసోబెడతరా? రేపటి నుంచి పంప” అన్నది. ఈ పిల్ల పోతే నా పని పోయినట్టే.

టీచరమ్మ కర్ర చేతికి తీసుకున్నది. పిల్ల దిక్కు తిరిగింది. “నేను ఉంటాను నువ్వెళ్ళు అన్నాను, నా డ్యూటీ అని కదల్లేదు. సరే. రేపు వస్తావా? వస్తే ఎలా వస్తావు? నువ్వే చెప్పు.”

“మీ ఇష్...” కర్ర నేలమీద టక్కుమన్నది.

ఆ పిల్ల బాబు వీపు మీద చెయ్యి వేసి, నా కళ్ళల్లకు చూసింది. “వస్త ఆంటీ. లేటయితే ఎవరి ఫోన్ నుంచైనా మా అమ్మకు చెప్పాలె. ఎనిమిది దాటినదానికి ఒకటిన్నర. ఇయాల్టిది కూడా. పరీక్షల నెల రాను, ఇప్పుడే చెప్తున్న, వేరే ఎవరినన్న చూసుకోండి.”

వాళ్ళమ్మ నోరు తెరిచి బిడ్డను చూస్తున్నది. బండి మీద చొక్కాకు ఇంత అని ఆమె కూడా ఎన్నడూ గట్టిగా చెప్పిన మనిషి కాదు. “గిట్ల మాట్లాడుతదా ఇది?” అని నన్నే అడిగింది. కోపం ఎటు పోయిందో. మర్నాడు మూడింటికి పిల్ల వచ్చింది.

పరీక్షల నెల బాబును టీచరమ్మే చూసుకున్నది. నెలాఖరుకు చెయ్యి చాపింది. “నాకూ అదే రేటు.”

“మీకు కూడానా? పెన్షనున్నది కదా!”

“నేను ఊరికే చేస్తే, వచ్చే నెల ఆ పిల్ల రేటు పడిపోద్ది. ఇటు తే.” తీసుకున్నది. ఆ డబ్బుతో కొత్త సాక్సులు, ఒక బుట్ట మామిడికాయలు కొన్నది. ఒక్క కాయ నాకియ్యలే.

చివరి నెలల్లో మంచం మీద నుంచి లేవలే. తెనాలి నుంచి మేనకోడలు వచ్చి ఉన్నది. నేను డ్యూటీకి పోతూ కిటికీ దగ్గర ఆగేదాన్ని. “చూశావా, నువ్వు బయటికెళ్ళావు, నేను లోపలుండిపోయాను” అనేది. నవ్వుకుంటనే అనేది. నేనెప్పుడూ ఏదో ఒకటి తిరిగి అనేదాన్ని. ఆ మాటకు మాత్రం బస్సు టైమైందని నడిచేదాన్ని. ఒకసారి డ్యూటీ దిగి వస్తూ కిటికీలోంచి చెయ్యి లోపలికి పెడితే, నా వేళ్ళకు అంటిన పిండి గోకి తీసింది.

సమాధి దగ్గర ప్రార్థన అయిపోయినంక చర్చి వ్యాన్‌లో జాగా లేకుంటే మేం ముగ్గురం మెట్రో ఎక్కినం. నేను, బాబు, ఆ అమ్మాయి. ఆమె ఇప్పుడు డిగ్రీ చదువుతున్నది. వాడికి ఐదేళ్ళు, దున్నపోతు బరువు. ఎక్కంగనే ఆమె భుజం మీద పడి నిద్రపోయిండు. సీట్లు లేవు.

“ఇయ్యి పిల్లా, ఇయాల నీకు డ్యూటీ లేదు.”

“ఉండనీ ఆంటీ.”

తలుపులు మూసుకున్నయి. వాడి చొంగ ఆమె తెల్ల చున్నీ మీద కారుతున్నది, ఆమె తుడవలే, కిటికీ దిక్కు చూస్తున్నది. నా చేతులు రెండూ ఖాళీ. ఎక్కడ పెట్టుకోవాలో తెలియలే. పైన వేలాడే పట్టా ఒకటి పట్టుకున్న, తర్వాత రెండో చేత్తో ఇంకొకటి పట్టుకున్న. తార్నాక వచ్చేదాకా అట్లనే ఊగుకుంట నిలబడ్డ.