బ్లాస్ చేతులెత్తిన గోల్

"పదహారేళ్ళలో పదకొండు జట్లు. దాన్ని 'విశిష్టమైన క్రీడా జీవితం' అని రాశావు నువ్వు. సంతలో ముసలి గాడిద కూడా పదకొండు చేతులు మారుతుంది నియెవెస్. దాని జీవితాన్నేమంటావు?"

బ్లాస్ లాసేరాస్ ఆ మాటంటూనే తాళంచెవిని యంత్రంలో బిగించి మీట నొక్కాడు. ఇనుము కోస్తున్న రొదకి సమాధానం చెప్పే వీలు లేకపోయింది. నియెవెస్ ఆగింది. ముప్ఫై ఏళ్ళు ఊళ్ళో ఉత్తరాలు పంచిన మనిషి, తలుపు తెరిచేదాకా నిలబడటం ఆవిడకి అలవాటే. ఊరి ఫుట్‌బాల్ క్లబ్‌కి నూరేళ్ళు నిండుతున్నాయి. దానికో పుస్తకం వేస్తున్నారు. అందులో బ్లాస్ పేజీ రాసే పని ఆవిడ మీద పడింది. గురువారం అచ్చుకి వెళ్ళాలి. రాసింది చదివి వినిపిద్దామని మంగళవారం పొద్దున్నే అతని ఇనుప సామాన్ల కొట్టుకి వచ్చింది.

"గాడిద గోల్స్ కొట్టదుగా," అంది, రొద ఆగాక.

"నేను కొట్టానా ఏం? ముప్ఫై ఒకటి. పదహారేళ్ళకి. మా అత్తగారు అంతకంటే ఎక్కువసార్లు గడప తట్టుకుని పడింది." తాళంచెవి అంచు బొటనవేలితో తడిమి చూశాడు. "అసలు నాలాంటి వింగర్ అంటే ఎవడనుకున్నావ్? మైదానం అంచు గీత పక్కన నిలబడి బంతి కోసం చెయ్యి ఊపేవాడు. బంతి రాకపోతే కోచ్‌ని తిడతాడు, వస్తే గాలిని తిడతాడు. లా మాంచాలో ఒక కోచ్ ఉండేవాడు. మ్యాచ్‌కి ముందు నన్ను పక్కకి పిలిచి, 'బ్లాస్, నువ్వు వెనక్కి రాకు నాయనా, వస్తే అడ్డం' అన్నాడు. నన్ను అర్థం చేసుకున్నవాడు ఆయనొక్కడే."

నియెవెస్ నవ్వింది. అతను నవ్వలేదు.

ఏ జట్టు గురించి అడిగినా అదే వరస. కొత్త జట్టుకి వెళ్ళిన రోజు మెడలో కండువా వేసేవారు, ఫొటోవాడు చొక్కా మీది చిహ్నాన్ని ముద్దు పెట్టుకోమనేవాడు, ఇతను పెట్టుకునేవాడు. 'చిన్నప్పట్నుంచీ ఈ జట్టుకి ఆడాలన్నదే నా కల' అని పత్రికకి చెప్పేవాడు. పదకొండు ఊళ్ళలో పదకొండు కలలు. అందులో మూడు ఊళ్ళ పేర్లు ఒప్పందం మీద సంతకం పెట్టేదాకా తను వినలేదన్నాడు. నాలుగుసార్లు వేరే జట్లకి అరువుకిచ్చారు, అదీ జనవరిలో. "నిచ్చెన అరువడిగినా మా ఊళ్ళో వేసవిలో అడుగుతారు," అన్నాడు.

"సరేలే. ఈ ఫొటో కింద వెయ్యాల్సిన మాట సంగతి చెప్పు. దానికోసమే వచ్చాను," అంది నియెవెస్.

కౌంటర్ మీద ఆవిడ పెట్టిన ఫొటోని అతను ఇంతవరకూ చూడలేదు. తలకిందులుగా ఉన్నదాన్ని వేలితో తిప్పాడు. తొంభై ఆరు మే నెల, లీగ్‌లో చివరి మ్యాచ్. గెలవకపోతే ఊరి జట్టు కింది లీగ్‌కి పడిపోయేది. ఎనభై ఎనిమిదో నిమిషంలో బ్లాస్ గోల్ కొట్టాడు. జట్టు నిలిచింది. ఫొటోలో మాత్రం అతను గెంతడం లేదు. రెండు చేతులూ ఎత్తి, తల వంచి, అవతలి జట్టు జనం ముందు తప్పు చేసినవాడిలా నిలబడ్డాడు. వెనక సొంత జట్టువాళ్ళు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి కేరింతలు కొడుతున్నారు.

"చదువు," అన్నాడు.

నియెవెస్ కాగితం చూసి చదివింది. "'ప్రత్యర్థిని గౌరవించిన పెద్దమనిషి.' మన క్లబ్ అధ్యక్షుడు దోన్ ఎవారిస్తో గారు చెప్పిన మాట ఇది. నాకూ బాగానే ఉందనిపించింది."

"బాగానే ఉంటుంది. తోటకూర కాడని గులాబీ అంటే తోటకూరకి బాధేముంది? ఆ అధ్యక్షుడు డబ్బాల్లో ఆస్పరాగస్ కాడలు నింపి అమ్ముకునేవాడు, లోపల ఏముందో కంటే పైన చీటీ ముఖ్యం ఆయనకి. నువ్వు ఆ రోజు మ్యాచ్‌కి వచ్చావా?"

"వచ్చాను. ఎండ పక్క మెట్ల మీదున్నాను."

"నేను ఆ అవతలి జట్టుకెప్పుడైనా ఆడానా?"

నియెవెస్ కాగితాల్లో వెతికింది. పదకొండు జట్ల పేర్లూ ఒకసారి పైనుంచి కిందికి చూసి, మళ్ళీ కిందినుంచి పైకి చూసింది. ఆ జట్టు లేదు.

"ఆడలేదు. వాళ్ళ ఊరికి నేను భోజనానికి కూడా వెళ్ళలేదు," అన్నాడు బ్లాస్. "పాత జట్టు మీద గోల్ కొడితే సంబరపడకూడదు, చేతులెత్తి క్షమించమని అడగాలి. అదొక మర్యాద మాలో. పదకొండు చోట్ల ఉండొచ్చినవాణ్ణి, ఎవరి మీద కొట్టినా పాతవాళ్ళే అయ్యేవారు. నా కాలికి బంతి తగిలితే చేతులు వాటంతటవే లేచేవి. గలీసియాలో నేను నాలుగు నెలలు అరువుకి ఆడిన జట్టుకి ఆకుపచ్చ చారల చొక్కాలు. వీళ్ళకీ ఆకుపచ్చ చారలే. అంతే. వాళ్ళ జనమే బిత్తరపోయారు. ఒకడు పక్కవాణ్ణడిగాడట, వీడు మన దగ్గరెప్పుడాడాడ్రా అని."

నియెవెస్‌కి నవ్వు పొంగుకొచ్చి, అతని ముఖం చూసి ఆగిపోయింది.

"నవ్వు, ఫరవాలేదు. ఊరంతా నవ్వింది. మా నాన్న తప్ప."

బ్లాస్ తండ్రి సిమోన్ ఆ మైదానం గేటు దగ్గర నలభై ఏళ్ళు టికెట్లు చింపాడు. ఏ మ్యాచ్‌నీ మొదటినుంచి చివరిదాకా చూడలేదు. కొడుకు పదిహేడేళ్ళకి వెళ్ళిపోయి, ముప్ఫై మూడేళ్ళకి మోకాలికి కట్టుతో తిరిగొచ్చాడు. ఆ ఆదివారం పొద్దున వంటింట్లో బ్లాస్ ఆయనతో, 'ఇవాళ గోల్ పడితే నీ దగ్గరికే వస్తాను, గేటు వదిలి నది పక్క మూలకి వచ్చి నిలబడు' అన్నాడు. ఆయన వచ్చి నిలబడ్డాడు.

"నేను చేతులెత్తి అవతలివాళ్ళ వైపు తిరిగాను. దించి చూసేసరికి మూల ఖాళీ." బ్లాస్ బల్ల మీది ఇనుప రజను అరచేత్తో ఒకచోటికి తోశాడు. "మ్యాచ్ అయ్యేముందు బయటికెళ్ళే గేట్లు తెరవడం ఆయన పని. టైమయిందని వెళ్ళాడో, నన్ను చూడలేక వెళ్ళాడో. రాత్రి సూప్ తాగుతూ గేటు బందుకి నూనె వెయ్యాలన్నాడు. ఆ మరుసటి ఫిబ్రవరిలో పోయాడు. ఆ గోల్ ఊసు ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. పెద్దమనిషిని కదా."

నియెవెస్ కలం తీసి ఆ వాక్యం మీద గీత కొట్టింది.

"కొట్టెయ్యడంతో సరిపోదు. చొక్కా రంగు చూసి పొరబడ్డాడని రాయి. ఆ అధ్యక్షుడు ఒప్పుకోకపోతే పేజీ మొత్తం తీసెయ్యమను, ఆ చోట ఆయన డబ్బాల ప్రకటన వేసుకోమను."

"రాస్తాను. మరి మీ నాన్న సంగతి?"

అతను చేసిన తాళంచెవిని ఎవరి పేరుతోనో ఉన్న కవరులో వేసి, అంచు మడిచి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడిచాడు.

"ఉర్బానో ఉన్నాడు చూడు, పొద్దుతిరుగుడు గింజలమ్మేవాడు. ఆ మూలన నాన్న పక్కనే నిలబడ్డాడు. సిమోన్ వెళ్తూ వెళ్తూ ఒక మాటన్నాడని బార్‌లో అందరికీ చెప్పేవాడట. నేను లోపలికొస్తే నోరు మూసుకునేవాడు. ఇరవై ఎనిమిదేళ్ళు ఆయన ఎదురొస్తే వీధి మారాను. ఎదురొచ్చేవాణ్ణి తప్పించుకోవడం ఒక్కటే ఫుట్‌బాల్ నాకు నేర్పింది. ఇప్పుడాయన వృద్ధాశ్రమంలో ఉన్నాడు. తొంభై రెండు."

"నువ్వే వెళ్ళొచ్చుగా బ్లాస్."

"నేను వెళ్తే నా ముఖం చూసి మంచిమాట కల్పిస్తాడు. నువ్వెళ్ళు. భోజనానికి ముందే వెళ్ళు, తిన్నాక నిద్రపోతాడు. కుడిచెవి వైపు కూర్చో. ఆ రోజు మా నాన్న ఏమన్నాడో అడిగి ఫొటో కింద అదే వెయ్యి. బూతైనా సరే, ఒక్కక్షరం మార్చకు. ముందుగా నాకు చెప్పకు, అందరితో పాటు నేనూ పుస్తకంలోనే చదువుకుంటాను. వెళ్ళు, పదకొండున్నర అవుతోంది."