ముందు ఏడవనీండి, లెక్కలు తర్వాత

మా సాయంత్రం బడి టీచరమ్మ నంద్యాల ఆసుపత్రిలో పోయారని మొన్న పొద్దున ఫోను వచ్చింది. కుడుతున్న జాకెట్టు మిషను మీదే వదిలేసి లేచాను. ఆళ్లగడ్డలో ఆమెకు నా అనేవాళ్లు లేరంటారు గానీ, ఆ రోజు మా వీధి వీధంతా పని మానుకుంది.

రిటైరయ్యాక ఆమె తన ఇంటి వరండాలోనే ఆ బడి పెట్టారు. మాలాగా పొద్దుగూకేదాకా పనుల్లో ఉండేవాళ్ల పిల్లలే అందులో ఎక్కువ. వచ్చిన పిల్లలకు కాళ్లు కడిగించి, బొరుగులు పెట్టి, ఆ తర్వాతే పుస్తకం తీయనిచ్చేవారు. "కడుపులో ఆకలి, మనసులో అలక పెట్టుకుంటే ఎక్కం యాడ నిలుస్తాది?" అనేవారు. మా ఊరి శిల్పుల షెడ్ల నుంచి పనికిరాని రాతి ముక్కలు తెప్పించి ఒక మూల పోసుకున్నారు. కోపమొచ్చిన పిల్లలు ఒక ముక్క తీసుకుని, నున్నగా అయ్యేదాకా బండకేసి రుద్దుకోవచ్చు. "నా మీద కారాలూ మిరియాలూ నూరొద్దండి, ఆ రాయి నూరుకోండి" అని నవ్వించేవారు. చదువు చెప్పమంటే రాళ్లు నూరిస్తోందని గొణిగిన తల్లులూ లేకపోలేదు.

నా భర్త గుండెపోటుతో పోయేనాటికి మా పాప రెండో తరగతి. చిన్నపిల్ల తట్టుకోలేదని మా అత్త దాన్ని ఆ పది రోజులూ చుట్టాలింట్లో ఉంచి, "మీ నాయన వెలుగోడులో గుడిపనికి పోయినాడు, వస్తాడులే" అని చెప్పింది. రాతిపని చేసే మా ఇళ్లల్లో మగవాళ్లు అట్లా నెలల తరబడి పోవడం మామూలే. పాప ఆటలు మానేసింది, మాటలు మానేసింది. టీచరమ్మ బడిలో దగ్గరికొచ్చిన పిల్లల్ని కొట్టేది. హాస్టల్లో వేస్తే దారికొస్తుందని మా మరిది నంద్యాలలో సీటు కూడా మాట్లాడి వచ్చాడు. మొగుడు పోయిన దాన్ని, బిడ్డ కూడా దూరమైతే ఎట్లా బతకాలో నాకు తెలియలేదు.

ఆ సాయంత్రమే టీచరమ్మ మా ఇంటికి వచ్చారు.

"పాప రోజూ ఒకటే రాయి నూరుతాందమ్మా. కోపమనుకుంటి. ఈ పొద్దు అడిగితే, మా నాయన వచ్చినాక చూపిస్తా అన్నది."

నిజం చెప్పేద్దామన్నాను నేను. మా అత్త మాత్రం, "చెప్తే బిడ్డ ఏడ్చి ఏడ్చి జరం తెచ్చుకుంటాది" అంది.

"ఏడవనీ పెద్దమ్మా. వస్తాడని వాకిలి చూస్తా ఉండేదాని కన్నా అదే మేలు. ముందు ఏడవనీండి, లెక్కలు తర్వాత నేర్పిస్తా."

మరిదితో, "హాస్టల్ యాడికీ పోదు నాయనా, కొన్నాళ్లు ఆగు" అన్నారు. ఆమె పక్కన కూర్చుని ఉండగానే పాపకు నిజం చెప్పాను. ఆ బిడ్డ ఏడ్చిన ఏడుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. తెల్లారి లేచి, ఎన్నాళ్లకో, "అమ్మా, ఆకలవుతాంది" అని అడిగింది. ఆ ఒక్క మాటకు టీచరమ్మకు నేను జన్మంతా రుణపడి ఉంటాను.

పాప ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. మొన్న సాయంత్రం, ఏ కబురూ తెలియని పిల్లలు పగటి బడి నుంచి నేరుగా సంచులతో వచ్చి వరండాలో కూర్చున్నారు. తల్లులం వీధిలో గుమిగూడి ఉన్నాం.

"టీచరు నంద్యాల నుంచి రేపొస్తాదని చెప్పుక్కా" అని ఒకామె నా చెవిలో అంది.

అంతలో మా పాప పోయి ఆ పిల్లల మధ్య కూర్చుంది.

"టీచరు చనిపోయింది. ఇంక రాదు. నాకూ ఏడుపొస్తాంది" అంది.

అందరికన్నా చిన్నపిల్ల దాని ఒళ్లో తల పెట్టి బావురుమంది. దీపాలు పెట్టే వేళ దాటిపోయింది. వీధిలో నిలబడ్డ తల్లుల్లో ఎవ్వరూ తమ పిల్లల్ని ఇంటికి రమ్మని పిలవలేదు.