చెక్కు మీద ఎవరి చెయ్యి

అట్ట కోస్తున్న చప్పుడు వింటే చాలు, ఆ ఇంటి పెద్దావిడకు కోడలు ఏం చేస్తోందో తెలిసిపోతుంది. ఆవిడకు చూపు పోయి చాలా ఏళ్ళయింది. చెవులు మాత్రం పక్కింటి గుసగుసలను కూడా వదలవు.

"మళ్ళీ మొదలుపెట్టావా అమ్మాయ్? ఈసారి ఎవరికి?"

"కొత్త బ్యాచి వచ్చింది అత్తయ్యా."

"ఇంట్లో ఒక్క అట్టపెట్టెని బతకనివ్వవు కదా! మొన్న నా చెప్పుల డబ్బా కూడా నీ కత్తెరపాలయింది."

"చెప్పులు ఉన్నాయిగా?"

"ఉన్నాయి. ఎటు నడిచి వెళ్ళాయో అవే చెప్పాలి."

కోడలు నవ్వుకుంటూ బ్లేడు లాగింది. ఆమె అంధ విద్యార్థుల పాఠశాలలో లెక్కల టీచరు. తండ్రి పుస్తకాలు బైండింగు చేసేవాడు, అట్ట కోసే ఒడుపు అక్కడే పట్టుబడింది. చెక్కు కొలతకు సరిగ్గా అట్ట కోసి, అందులో సన్నని కిటికీలు తెరుస్తుంది. తేదీకి ఒకటి, పేరుకు ఒకటి, అంకెలకు ఒకటి, అక్షరాలకు ఒకటి, కింద కుడివైపు సంతకానికి ఒకటి. పైన ఒక మూల కత్తిరించి ఉంటుంది, తలకిందులుగా పెట్టకుండా. అట్టను చెక్కు మీద అంచులు కలిసేలా ఆనించి, వేలితో కిటికీ వెతుక్కుని, అందులో రాస్తే అక్షరం గీత దాటదు.

ఇది సిలబసులో లేదు. దీనికి ఆమెకు ఎవరూ పైసా ఇవ్వరు. మొదలుపెట్టడానికి ఒక కారణం ఉంది. చదువు ముగించుకుని వెళ్ళి కుర్చీలు అల్లుతున్న పూర్వ విద్యార్థి ఒకడు బస్టాపులో కలిశాడు. "జీతం ఎంత వస్తోందిరా?" అని ఆమె మామూలుగా అడిగింది. "అన్నయ్యని అడిగి చెప్తాను టీచర్" అన్నాడు అతను, అంతే మామూలుగా.

ఆమె బస్సు ఎక్కడం మర్చిపోయింది. పగలంతా కూర్చుని అల్లేది అతను, అల్లికకు ఎంత వస్తుందో తెలిసేది అన్నకు. దీన్ని దొంగతనం అనడానికి మనకు నోరు రాదు. ప్రేమ అంటాం, బాధ్యత అంటాం. ఆ రోజు నుంచి శనివారం మధ్యాహ్నాలు పెద్ద తరగతి పిల్లలకు ఆమె బ్యాంకు ఖాతా పాఠం చెప్తోంది.

తరగతిలో ఒక బెంచీ అడ్డంగా వేస్తే అది కౌంటరు. దాని వెనక టీచరు కూర్చుంటే గుమాస్తా. గుమాస్తాకు జాలీ దయా ఉండవు.

"నెక్స్ట్!"

"టీచర్, డబ్బు తీసుకోవాలి."

"టీచరెవరమ్మా ఇక్కడ? ఇది బ్యాంకు. తోడెవరొచ్చారు నీతో?"

"ఎవరూ రాలేదు..."

"అయితే ఎవరినైనా వెంటబెట్టుకుని రా. నేను టీ తాగాలి."

మొదటి వారాల్లో పిల్లలు వెనక్కి తిరిగి వెళ్ళి కూర్చునేవారు. అక్కడే నిలబడటం నేర్చుకోవడమే మొదటి పాఠం. ఆ పాఠాన్ని అందరికంటే ముందు పట్టేసింది ఒక పిల్ల. ఆసుపత్రిలో టెలిఫోన్ ఆపరేటరు ఉద్యోగానికి శిక్షణ తీసుకుంటోంది కాబట్టి అందరూ ఆమెను 'హలో' అని పిలిచేవారు.

"టీ తాగి రండి సార్, తొందరేం లేదు. ఈలోగా నాకో కుర్చీ వేయించండి" అంది హలో. తరగతి గొల్లున నవ్వింది. గుమాస్తాకు కూడా నవ్వు ఆగలేదు.

"ఖాతాలో ఉన్నదానికన్నా ఎక్కువకి చెక్కు రాస్తే ఏమవుతుంది?"

"తిరిగొస్తుంది టీచర్!"

"ఉత్తినే వస్తుందా?"

"జరిమానాని వెంటేసుకుని వస్తుంది!"

చెక్కు రాసిన వెంటనే, ఆ చెక్కు చేతిలో ఉండగానే, ఎవరికి ఇచ్చారో, ఎంతో, ఖాతాలో ఇంకా ఎంత మిగిలిందో బ్రెయిలు చుక్కల లిపిలో గుచ్చి పెట్టుకోవాలి. మిగిలినదెంతో బ్యాంకు చెప్పకముందే మీకు తెలిసి ఉండాలి అనేది ఆమె. మొత్తం రాశాక మిగిలిన ఖాళీలో గీత కొట్టాలి, ఎవరూ పక్కన సున్నా చేర్చకుండా. ఏమీ రాయని చెక్కు మీద సంతకం, తోడబుట్టినవాళ్ళు అడిగినా సరే, పెట్టకూడదు.

అన్నింటికన్నా కష్టమైనది సంతకమే. వాళ్ళ వేళ్ళకు చుక్కలు తెలుసు, సిరా అక్షరాల వంపులు తెలియవు. టీచరు ఒక్కొక్కరి వెనక నిలబడి, చేతి మీద చెయ్యి వేసి రాయించేది. "ఇక్కడ వంచు. ఇప్పుడు కిందికి లాగు. చివర్లో చిన్న తోక." చెయ్యికి అలవాటయ్యేదాకా అలా రాయిస్తూనే ఉండేది. ఏడాది తిరిగేసరికి అందరికీ సంతకం వచ్చేసింది. ఆ సంగతి అత్తగారికి చెప్పేటప్పుడు ఆమె గొంతు కాస్త పొంగేది.

హలోకు ఉద్యోగం వచ్చింది. ఒకటో తారీఖు నుంచి జీతం, అది వేయడానికి ఖాతా నంబరు ఇమ్మన్నారు. ఆసుపత్రి పక్కనే ఉద్యోగినుల హాస్టలు ఉంది, అక్కడ నెలనెలా అద్దె చెక్కు రూపంలోనే తీసుకుంటారు, అదీ ఉండే మనిషి పేరున్న చెక్కు. ఖాతా వస్తే హలో ఆ హాస్టలు గదిలోకి వెళ్తుంది. రాకపోతే జీతం మేనమామ ఖాతాలో పడుతుంది, ఆయన ఇంట్లోనే ఉంటుంది, ఆయన సైకిలు మీదే రోజూ వెళ్ళివస్తుంది.

మేనమామ సైకిళ్ళు బాగుచేస్తాడు. తల్లీతండ్రీ లేని పిల్లను సొంత కూతురిలా పెంచాడు. మంచివాడు. మంచివాడు కావడమే చిక్కు. చెడ్డవాడైతే పోట్లాడవచ్చు.

హలోతో పాటు ఇంకో ఇద్దరు కూడా ఖాతాలకు దరఖాస్తు చేశారు. ముగ్గురినీ తీసుకుని టీచరూ, మేనమామా బ్యాంకుకు వెళ్ళారు. ఆఫీసరు కాగితాలు వరసగా పరిచి, కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి చూశాడు.

"మేడమ్, ఈ మూడూ ఒకే చేత్తో పెట్టిన సంతకాలు."

"ముగ్గురూ మీ ఎదురుగానే కూర్చున్నారు కదండీ!"

"మనుషులు ముగ్గురే. చెయ్యి మాత్రం ఒకటి. ఇదిగో, వీళ్ళు నాకు తెలుసని కింద మీరు పెట్టిన సంతకం. ఆ చివరి తోక చూడండి."

టీచరు చూసింది. మూడు పేర్ల చివరా తన తోకే ఆడుతోంది.

"రేపు ఇంకొకరు ఈ అమ్మాయి పేరుతో చెక్కు రాస్తే నేనెలా పట్టుకోను? మిమ్మల్ని అనడం లేదు..."

"అన్నారుగా" అంది టీచరు మెల్లగా.

"మామయ్యగారు ఉన్నారుగా మేడమ్. ఇద్దరి పేరా ఖాతా తెరుద్దాం. చెక్కుల మీద ఆయన సంతకం పెడతారు. పాపం, అమ్మాయికి శ్రమ ఉండదు."

"సార్" అంది హలో. "నేనిక్కడే ఉన్నాను. ఈ కుర్చీలోనే."

ఆఫీసరు కాస్త కంగారుపడ్డాడు. చూపు లేనివారికి చెక్కుబుక్కు ఇవ్వకూడదని ఆ బ్యాంకు నియమాల్లో ఎక్కడా రాసి లేదు. అందరూ ఇవ్వడం మానేశారు, అతనూ మానేశాడు. అయితే సంతకం గురించి అతను అన్నది మాత్రం కొట్టిపారేయడానికి లేదు.

"నాదే అని మీకు నమ్మకం కలిగే సంతకం తెస్తే ఇస్తారా?"

"నా ముందే మూడుసార్లు పెట్టాలమ్మా. మూడూ ఒకేలా ఉండాలి. ఇంకెవరి దానిలాగానూ ఉండకూడదు."

తిరిగి వస్తుంటే దారి పొడుగునా హలో నోరు విప్పలేదు. హలో మాట్లాడకపోతే మేనమామకు కాలూ చెయ్యీ ఆడదు.

"పోనీలే బంగారం. నా ఖాతాలో ఉంటే నీ డబ్బెక్కడికి పోతుంది? అడిగినప్పుడల్లా ఇస్తానుగా."

"అదే మామయ్యా. అడగాలిగా."

ఆ సాయంత్రం టీచరు వంటింటి గడప మీద కూర్చుని జరిగిందంతా చెప్పింది. పెద్దావిడ మధ్యలో ఒక్క చమత్కారం కూడా విసరలేదు. అంతా విని తన కుడిచేతి బొటనవేలిని ఎడమచేత్తో పట్టుకుంది.

"నాకు చూపు తగ్గిన కొత్తలో మా పెద్దాడు రిజిస్ట్రారాఫీసుకి తీసుకెళ్ళాడు. వేలు పట్టుకుని సిరాలో ముంచాడు, కాగితం మీద నొక్కాడు. ఇల్లు పోయింది. వేలు నాదేనే. నొక్కింది వాడు."

"నేను ఆ పిల్లల మంచి కోసమే పట్టుకున్నాను అత్తయ్యా."

"నాకు తెలియదా? కానీ అమ్మాయ్, వాడూ అదే మాట అన్నాడు."

పెద్దావిడ తడుముకుంటూ కోడలి తల మీద చెయ్యి వేసి, తర్వాత తీసేసింది.

మరుసటి శనివారం బెంచీ అడ్డంగా వేయలేదు. "నేను మీకు నా సంతకం నేర్పాను. మీది నేర్పలేదు. తప్పు నాది" అని చెప్పింది టీచరు. తరగతిలో గోల లేచింది.

"ఏడాదంతా నేర్చుకున్నది బూడిదలో పోసినట్టేనా టీచర్?"

"మిగతాదంతా మీదే. ఇదొక్కటే మళ్ళీ మొదలుపెట్టాలి. ఇకమీదట ఎవరి చెయ్యీ పట్టుకోను."

హలో అట్ట పెట్టి రాసింది. చెయ్యి పాత దారినే పోయింది, చివర్లో తోకతో సహా. మళ్ళీ రాసినా అంతే. పెన్ను బల్ల మీద విసిరికొట్టింది.

"మీరు వదిలేసినా లాభం లేదు టీచర్. నా చేతి లోపల మీ చెయ్యే ఉంది."

టీచరు నొచ్చుకుంది, పైకి తేలనివ్వలేదు. పక్క బెంచీలో కూర్చుంది. హలో గడ్డం కింద ఒక చెయ్యి ఆనించుకుని, రెండో చేతి చూపుడువేలితో బల్ల మీద ఏదో చుడుతోంది. చుట్టు తర్వాత చుట్టు, ఆఖర్న ఒక పోటు. మళ్ళీ చుట్టు తర్వాత చుట్టు, ఒక పోటు.

"ఏంటది?"

"ఏం లేదు టీచర్. ఫోను తీగ. లైన్లో ఎవరినైనా ఆగమన్నప్పుడు తీగని వేలికి చుట్టుకుంటాను. తర్వాత బటన్ నొక్కుతాను. మా శిక్షణలో మేడమ్ రోజూ తిడతారు, తీగ పాడవుతోందని."

"ఎన్ని చుట్లు?"

"మూడు. ఎప్పుడూ మూడే."

"తిట్లు తింటే తిన్నావులే. పెన్ను తీసుకో."

అట్ట కిటికీలో పెన్ను మూడు చుట్లు తిరిగింది. ఆఖరి పోటుకు కాగితం టప్పుమంది.

"చిరిగిందా టీచర్?"

"చిన్న చిల్లు పడింది."

హలో గబగబా కాగితం తిరగేసి వేలితో తడిమింది. వెనకవైపు చుక్క ఉబ్బి ఉంది. ఇన్నాళ్ళూ తన సంతకం ఎలా ఉందో పక్కవాళ్ళు చెప్తే వినడమే. దీన్ని తనే చదువుకోగలదు. ఆ చుక్క మీద వేలు అలాగే ఉంచి ఒకసారి గట్టిగా ముక్కు పీల్చింది.

రెండోసారి బ్యాంకులో ఆఫీసరు ఆ చుట్లను తిప్పి తిప్పి చూశాడు. "ఇందులో పేరెక్కడుందమ్మా?"

"మీ సంతకంలో ఉందా సార్? ఆఫీసర్ల సంతకాల్లో పేరు ఎవరికీ కనిపించదని మా టీచర్ చెప్పారు."

ఆఫీసరు తన సంతకం వైపు చూసుకున్నాడు. సిరాలో పడ్డ బొద్దింక పాకినట్టుంది. పెదవులు బిగించుకుని నవ్వాపుకున్నాడు. "సరే, కానివ్వు."

మొదటిది బాగానే వచ్చింది. రెండో దానికి పెన్ను అట్ట అంచుకు తగిలి ఆగిపోయింది. టీచరు చెయ్యి దానంతటదే ముందుకు వెళ్ళబోయింది. రెండు చేతులూ వెనక్కి తీసుకెళ్ళి ఒకదాన్ని ఒకటి పట్టేసుకుంది.

"ఎడమకి బంగారం, ఎడమ..." అని గొణిగాడు మేనమామ.

"మామయ్యా, ఉష్!"

హలో పెన్ను కింద పెట్టింది. అట్ట అంచులు తడిమి, కాగితంతో కలిపి, మళ్ళీ ఆనించింది. మూడు చుట్లు, ఒక పోటు. ఇంకోసారి మూడు చుట్లు, ఒక పోటు.

ఆఫీసరు మూడింటినీ పక్కపక్కన పెట్టి చూశాడు. కాగితం తిరగేసి వెనకవైపు బొటనవేలితో నిమిరాడు. ముద్ర తీసి కొట్టాడు. "చెక్కుబుక్కు వారంలో వస్తుంది" అని మేనమామ వైపు తిరగబోయి, ఆగి, హలో వైపు తిరిగాడు. "మీరే వచ్చి తీసుకుంటారా?"

"నేనే వస్తాను సార్."

మిగతా ఇద్దరి సంతకాలకు ఇంకొంత కాలం పట్టింది. ఇంటి దగ్గర పెద్దావిడ తన పింఛను పుస్తకం కొలతకు ఒక అట్ట కోయించుకుంది. "వేలిముద్ర ఇక వేయను. ఈ వయసులో సంతకం నేర్చుకుంటే ఎవరైనా నవ్వుతారేమో, నాకెలాగూ కనిపించదు" అంది.

మొదటి జీతం వచ్చాక ఒక శనివారం హలో తరగతికి వచ్చింది, మేనమామ సైకిలు మీద. అలవాటు చొప్పున ఆయనే హాస్టలు దగ్గరికి వెళ్ళి ఎక్కించుకొచ్చాడు. హాస్టల్లో చేరేటప్పుడు అడ్వాన్సు కట్టిందీ ఆయనే. హలో సంచిలోంచి మడత పెట్టని చెక్కు తీసి ఆయన చేతిలో పెట్టింది.

"ఇదేంటే? మన మధ్య లెక్కలేంటి?"

"లెక్క కాదు మామయ్యా. నా మొదటి చెక్కు. మీకే రాయాలనిపించింది."

ఆయన చెక్కును రెండు చేతులతో పట్టుకుని చూశాడు. చేతికంటిన టైరు నలుపు అంటుతుందని అంచులు మాత్రమే పట్టుకున్నాడు.

"అది సరే గానీ... దీన్నేం చేయాలి? నేనెప్పుడూ నోట్లు వేయడం, నోట్లు తీయడమే. చెక్కు ముట్టిన పాపాన పోలేదు."

తరగతి పగలబడి నవ్వింది. ఎవరో బెంచీని అడ్డంగా లాగేశారు. టీచరు బ్యాంకులో చెక్కు వేసే చీటీ నకలు ఒకటి తీసి బల్ల మీద పెట్టింది.

"రండి, నేను చెప్తాను" అంది హలో.

"చెయ్యి పట్టుకుని రాయించవే, భయంగా ఉంది."

"చెయ్యి పట్టుకోను. పక్కనే ఉంటాను. ముందు తేదీ వేయండి."

ఆయన నాలుక బయటపెట్టి మరీ రాశాడు. ఈలోగా టీచరు బెంచీ వెనక సర్దుకు కూర్చుని, ముఖం గంటు పెట్టుకుని అరిచింది.

"నెక్స్ట్! ఏమయ్యా, తోడెవరొచ్చారు నీతో?"

సైకిళ్ళాయన వెనక్కి చూశాడు, ముందుకు చూశాడు, ఛాతీ కాస్త పొంగించాడు.

"మా మేనకోడల్ని తెచ్చుకున్నానండీ."