వరుస మామ పెట్టిన కత్తెర

పొద్దున మనవరాలికి జడ వేయబోయాను. దువ్వెన చూడగానే మంచం కిందికి దూరింది. బయటికి లాగి నాలుగు చిక్కులు తీసేసరికి నా నడుమే పట్టేసింది. అప్పుడు మా అవ్వ, బాపు వాళ్లమ్మ, గుర్తొచ్చింది.

మొక్కు జుట్టుతో బడికి పోయిన మగపిల్లలు మీలోనూ ఉండే ఉంటారు. నా పుట్టువెంట్రుకలు యాదగిరిగుట్టకు మొక్కారు. మొదటి కత్తెర మేనమామ పెట్టాలి. ఆయనకేమో మా బాపుతో మాటల్లేవు. ఆరేళ్లొచ్చినా నాకు రెండు జడలే. అవ్వ రోజూ ఆముదం రాసి, నన్ను మోకాళ్ల మధ్య ఇరికించుకుని చిక్కులు తీసేది. నేను ఊరంతా వినేలా ఏడ్చేవాణ్ని.

ఒకరోజు మా గొర్రెల బొచ్చు కత్తిరించడానికి వచ్చిన మల్లయ్య ఇది చూశాడు.

"ఏందవ్వా, నా చేతిల గొర్రె గూడ గిట్ల మొత్తుకోదు."

"నా చేతులు పడిపోతున్నయిరా. వీని మామ ఎప్పుడొస్తడో ఏమో."

అవ్వ దువ్వెన ఆపి అతన్ని ఎగాదిగా చూసింది.

"నువ్వు గూడ వీనికి వరుసకు మామవే గద? గుట్టకు వస్తవా?"

"వస్త గని, గొర్రెల కత్తెర తెస్తే సామి ఏమంటడో!"

ఆ వారమే పోయి గుండు చేయించుకొచ్చాం. మొదటి కత్తెర మల్లయ్యదే. మర్నాడు అలవాటుగా అవ్వ మోకాళ్ల మధ్య కూర్చున్నాను. ఆమె కూడా అలవాటుగా గుండుకు ఆముదం రాసి, చెయ్యి నా నెత్తి మీదనే ఉంచి, గోడకు ఒరిగి నిద్రపోయింది. కదిలితే లేస్తుందని, బడి గంట వినిపించినా నేను లేవలేదు.